కంటి లోపలి చీము: ఒక్క రాత్రి ఆగినా చూపుకు ముప్పే



శుక్లం ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళ్ళేవారికి మా కంటి వార్డులో డిశ్చార్జి చీటీ ఇచ్చేటప్పుడు చాలా సంగతులు చెబుతాము. చుక్కల మందు ఎన్నిసార్లు వేయాలో, తలస్నానం ఎన్నాళ్ళు చేయకూడదో, మళ్ళీ ఎప్పుడు రావాలో చెబుతాము. అందరూ తలూపుతారు. కాని అన్నిటికన్నా ముఖ్యమైన మాట చివరన చెప్పడం వల్లనో, అప్పటికి బస్సు వేళ కావడం వల్లనో చాలామంది చెవిన పడదు. ఆ మాట ఇది: "ఆపరేషన్ అయిన కన్ను బాగా కనిపిస్తూ ఉండి మళ్ళీ మసకబడినా, నొప్పి పెరిగినా ఆ పూటే రండి. రాత్రయినా రండి." ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నామో ఈ నెల వివరిస్తాము.

మేము నేర్చుకున్న పాఠం

కొన్నేళ్ళ క్రితం ఒక మామ్మగారికి ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు కట్టు విప్పగానే మనవరాలి ఓణీ రంగు చెప్పి అందరినీ నవ్వించారు. నాలుగో రోజు, శనివారం సాయంత్రం, ఆ కంటికి పొగ కమ్మినట్టయింది. కొంచెం సలుపు కూడా మొదలైంది. కొడుకు రాత్రి తొమ్మిది గంటలకు వార్డుకు ఫోను చేశాడు. డ్యూటీలో ఉన్న సిస్టరు, "చుక్కలు వేస్తూ ఉండండి, ఓ.పి.కి తీసుకురండి" అని చెప్పింది. ఆదివారం ఓ.పి. ఉండదు. మా మాట నమ్మి వారు సోమవారం పొద్దున్నే వచ్చి వరుసలో కూర్చున్నారు. అప్పటికి ఆ కంటికి టార్చి వెలుగు తప్ప మరేమీ తెలియడం లేదు. వెంటనే చికిత్స మొదలుపెట్టి పెద్ద ఆసుపత్రికి పంపాము. కన్ను దక్కింది గాని చూపు దక్కలేదు. ఎదురుగా చెయ్యి ఊపితే కదులుతోందని మాత్రం ఆమెకు తెలుస్తుంది.

ఆ కుటుంబం చేసిన తప్పు ఏమీ లేదు. తప్పు మాది. ఆ సిస్టరు కూడా శ్రద్ధ లేని పిల్ల కాదు. ఏమి అడగాలో మేము ఆమెకు నేర్పలేదు. ఆ వారమే వార్డు ఫోను పక్కన గోడకు ఒక కాగితం అంటించాము. "కంటి ఆపరేషన్ అయినవారు ఫోను చేసినచో, చూపు తగ్గినదా అని ముందుగా అడుగవలెను. తగ్గినదని చెప్పినచో ఇప్పుడే రమ్మనవలెను" అని దానిమీద రాశాము.

రెండేళ్ళ తర్వాత ఒక తాతగారికి ఆపరేషన్ అయిన అయిదో రోజు రాత్రి ఇలాగే అయింది. ఇంటివారు ఫోను చేశారు. సిస్టరు ఆ కాగితం చూసి అడిగి, వెంటనే రమ్మంది. ఆటోలో వచ్చారు. డాక్టరుగారిని నిద్ర లేపాము. రెండు గంటలలోపు కంటిలోకి మందు ఎక్కించడం అయిపోయింది. మూడు నెలల తర్వాత ఆ తాతగారు కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదువుకున్నారు.

ఈ ఇద్దరికీ తేడా గంటలలోనే ఉందని మేము అనము. కంటిలో దూరిన సూక్ష్మజీవి ఏ రకమో దాన్ని బట్టి కూడా ఫలితం ఉంటుంది. అయితే ఏ సూక్ష్మజీవి దూరాలో మన చేతిలో లేదు. ఎప్పుడు బయలుదేరాలో మాత్రం మన చేతిలోనే ఉంది.

ఇది ఏ జబ్బు?

దీనిని డాక్టర్లు ఎండాఫ్తల్మైటిస్ అంటారు. అంటే కంటి గుడ్డు లోపల చీము పట్టడం. మన కంటి గుడ్డు లోపల నీళ్ళలాంటి ద్రవం కొంచెం ముందు భాగంలోనూ, జెల్లీలాంటి పదార్థం వెనుక భాగంలోనూ ఉంటాయి. ఆ జెల్లీని విట్రియస్ అంటారు. అది సుమారు 4 మిల్లీలీటర్లు, అంటే టీ చెంచాడు కూడా నిండదు. ఆ జెల్లీకి ఆనుకుని వెనుక గోడకు రెటీనా అనే పలుచని పొర ఉంటుంది. మనం చూసే ప్రతి బొమ్మా పడేది ఆ పొరమీదే.

జెల్లీలో రక్తనాళాలు లేవు. అందుచేత చేతిమీద పుండు పడితే రక్తంలోని తెల్లకణాలు పరుగెత్తుకు వచ్చి పోరాడినట్టు ఇక్కడ వెంటనే పోరాడలేవు. సూక్ష్మజీవులు అక్కడ అడ్డు లేకుండా పెరుగుతాయి. కొన్ని రకాలు అరగంటలోనే రెట్టింపవుతాయి. వాటి విషమూ, ఆలస్యంగా చేరిన తెల్లకణాల పోరూ కలిసి పక్కనే ఉన్న రెటీనాను దెబ్బతీస్తాయి. చర్మం కాలితే మళ్ళీ చర్మం వస్తుంది గాని, చచ్చిపోయిన రెటీనా కణాలు మళ్ళీ పుట్టవు. అందుకే మందుతో చీము పూర్తిగా తగ్గినా, అప్పటికే పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు.

లోపలికి ఎలా వెళుతుంది?

నాలుగు దారులు ఉన్నాయి.

1. ఆపరేషన్ తర్వాత: ఎక్కువగా చూసేది శుక్లం ఆపరేషన్ తర్వాతనే. కారణం, అన్నిటికన్నా ఎక్కువగా జరిగే కంటి ఆపరేషన్ అదే. చాలాసార్లు సూక్ష్మజీవి ఎక్కడి నుంచో రాదు. రోగి రెప్పలమీద, కంటి పైపొరమీద మామూలుగా ఉండేదే గాయం గుండా లోపలికి పోతుంది. షుగరు వ్యాధి వల్ల రెటీనా వాచినవారికి కంటిలోకి ఇచ్చే ఇంజక్షన్ల తర్వాత కూడా అరుదుగా రావచ్చు.

2. దెబ్బ తగిలితే: తుమ్మ ముల్లు, పత్తి కంప, చీపురుపుల్ల, పిల్లల చేతి పెన్సిలు, పారేసిన సిరంజి సూది ఇలాంటివి గుచ్చుకున్నప్పుడు వస్తుంది. సుత్తితో ఇనుము కొట్టేటప్పుడు ఎగిరిన రవ్వ కంటిలోకి దూసుకుపోవచ్చు. అప్పుడు పైకి చిన్న గీత కూడా కనబడకపోవచ్చు. మట్టి అంటిన గాయాలు మరీ ప్రమాదం. మట్టిలో ఉండే బాసిల్లస్ అనే సూక్ష్మజీవి ఒకటి రెండు రోజులలోనే కంటిని నాశనం చేయగలదు.

3. నల్లగుడ్డుమీద పుండు ముదిరితే: కోతలు, నూర్పిళ్ళ కాలంలో వరి ఆకో గింజో తగిలి నల్లగుడ్డుమీద తెల్లని పుండు పడుతుంది. దానిని వదిలేస్తే లోపలికి తొలుచుకుపోతుంది.

4. రక్తం ద్వారా: షుగరు అదుపులో లేనివారికి, కాలేయంలో చీముగడ్డ ఉన్నవారికి, ఎక్కువ రోజులు సెలైన్ ఎక్కించుకున్నవారికి ఒంట్లో వేరేచోట ఉన్న ఇన్ఫెక్షన్ రక్తంలో ప్రయాణించి కంటికి చేరుతుంది. జ్వరంతో మంచం పట్టిన మనిషి "కన్ను కనబడటం లేదు" అంటే నీరసం అని కొట్టివేయకూడదు.

ఎలా గుర్తుపట్టాలి?

"నొప్పి లేదు కదా, అందుకే రాలేదు" అని చాలామంది మాతో అంటారు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. అమెరికాలో 1990 నుంచి శుక్లం ఆపరేషన్ తర్వాత ఈ జబ్బు వచ్చిన 420 మందిని పరిశీలించి, 1995లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 100కి 94 మందికి చూపు మసకబడింది. 82 మందికి కన్ను ఎర్రబడింది. నొప్పి ఉన్నది 74 మందికే. అంటే ప్రతి నలుగురిలో ఒకరికి నొప్పే లేదు. కాబట్టి నొప్పికన్నా చూపు తగ్గడమే మనకు ముందు హెచ్చరిక.

శుక్లం ఆపరేషన్ తర్వాత ఈ లక్షణాలు ఎక్కువగా మొదటి వారంలోనే కనబడతాయి. ఫంగస్, అంటే బూజుజాతి సూక్ష్మజీవులైతే కొన్ని వారాల తర్వాత మెల్లగా మొదలుకావచ్చు.

కళ్ళకలకకూ దీనికీ తేడా తెలుసుకోవాలి. కళ్ళకలకలో పుసి కడుతుంది, గరగరలాడుతుంది, తరచు రెండు కళ్ళకూ వస్తుంది, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి అంటుతుంది. పుసి తుడిస్తే చూపు మామూలుగానే ఉంటుంది. కంటి లోపలి చీము మాత్రం సాధారణంగా ఒక్క కంటికే వస్తుంది. ఎంత తుడిచినా మసక పోదు. ఒక్కొక్కసారి నల్లగుడ్డు అడుగున తెల్లని చీము గీత గీసినట్టు నిలిచి ఉంటుంది. అద్దంలో చూసినా కనబడుతుంది.

ఇంట్లో చేసుకోగల చిన్న పరీక్ష ఒకటి చెబుతాము. ఆపరేషన్ అయిన తర్వాత ఆరు వారాలపాటు రోజూ ఉదయం, సాయంత్రం బాగున్న కంటిని అరచేతితో మూసి, నొక్కకుండా, ఆపరేషన్ అయిన కంటితో గోడమీది క్యాలెండరు చూడండి. నిన్న కనబడిన అంకెలు ఈరోజు కనబడకపోతే అదే కబురు. రెండు కళ్ళూ తెరిచి చూస్తే బాగున్న కన్ను లోపాన్ని కప్పేస్తుంది. అందుకే చాలామందికి రెండు మూడు రోజులు ఆలస్యంగా తెలుస్తుంది.

ఆసుపత్రిలో ఏమి చేస్తారు?

మొదట చూపు ఎంత ఉందో చూస్తాము. బోర్డుమీది అక్షరాలు కనబడతాయా, లేకపోతే వేళ్ళు లెక్కపెట్టగలరా, అదీ లేకపోతే చెయ్యి ఊపితే తెలుస్తుందా, అదీ లేకపోతే టార్చి వెలుగయినా తెలుస్తుందా అని ఒక్కో మెట్టు దిగి చూస్తాము. "ఇన్నిసార్లు ఎందుకమ్మా అడుగుతారు?" అని విసుక్కోవద్దు. ఏ చికిత్స చేయాలో తేల్చడానికి ఈ మెట్టే ముఖ్యం. లోపల చీము కమ్మి రెటీనా కనబడకపోతే స్కానింగ్ తీస్తారు.

తర్వాత కంటికి మత్తు ఇచ్చి, సన్నని సూదితో లోపలి ద్రవం రెండు మూడు చుక్కలు తీసి ల్యాబుకు పంపుతారు. అదే సమయంలో కంటిలోకే మందు ఎక్కిస్తారు. నల్లగుడ్డు అంచునుంచి 3.5 లేక 4 మిల్లీమీటర్ల దూరంలో తెల్లగుడ్డు గుండా సూది పోతుంది. ఈ మాట వినగానే అందరూ భయపడతారు. "మాత్రలు ఇవ్వండి, నరానికి ఇంజక్షన్ వేయండి, కంట్లో మాత్రం వద్దు" అని బతిమాలినవారు ఎంతోమంది ఉన్నారు.

కంటిలోకే ఎందుకంటే, రక్తానికీ రెటీనాకూ మధ్య ప్రకృతి ఒక అడ్డుగోడ కట్టింది. మాత్రతో మింగిన మందు, నరానికి ఎక్కించిన మందు ఆ గోడ దాటి తగినంత లోపలికి పోలేవు. పైన చెప్పిన పరిశీలనలోనే నరానికి కూడా మందు ఇచ్చిన వారికీ ఇవ్వని వారికీ చూపులో తేడా రాలేదు. రక్తం ద్వారా వచ్చిన ఇన్ఫెక్షన్‌కు మాత్రం ఒంటికి కూడా మందు తప్పనిసరి.

సాధారణంగా రెండు మందులు కలిపి ఇస్తారు. వాంకోమైసిన్ 1 మిల్లీగ్రాము, సెఫ్టాజిడైమ్ 2.25 మిల్లీగ్రాములు, ఒక్కొక్కటి 0.1 మిల్లీలీటరు మాత్రమే. అంటే రెండేసి చుక్కలు. సూక్ష్మజీవులలో రెండు పెద్ద కుటుంబాలున్నాయి. ఒక్కో మందు ఒక్కో కుటుంబాన్ని చంపుతుంది. ల్యాబు రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది గనుక అంతవరకు ఆగకుండా రెంటినీ ఇస్తారు. ఫంగస్ అని తేలితే వేరే మందు వాడాలి. మన దేశంలో ఫంగస్ వల్ల వచ్చేవి పాశ్చాత్య దేశాలకన్నా ఎక్కువ. ముఖ్యంగా ముల్లు, ఆకు తగిలిన వారికి ఈ అనుమానం ఉంటుంది. కాబట్టి ఏమి గుచ్చుకుందో దాచకుండా చెప్పవలెను.

మందు ఎక్కించాక రోజూ పరీక్షిస్తారు. రెండు రోజులకు గుణం కనబడకపోతే మళ్ళీ ఇంజక్షన్ ఇవ్వవచ్చు, లేదా విట్రెక్టమీ అనే ఆపరేషన్ చేయవచ్చు. అందులో చీముపట్టిన జెల్లీని సన్నని పరికరాలతో కత్తిరించి తీసివేస్తారు. 1995 నాటి ఆ ఫలితాలలో తేలిన ముఖ్య సంగతి ఇదే. చెయ్యి కదలిక గాని అంతకన్నా ఎక్కువ గాని కనబడుతూ వచ్చినవారికి ఇంజక్షన్‌తోనే విట్రెక్టమీతో సమానమైన ఫలితం వచ్చింది. వెలుగు మాత్రమే తెలిసే స్థితిలో వచ్చినవారికి వెంటనే విట్రెక్టమీ చేస్తే మంచి చూపు వచ్చే అవకాశం మూడు రెట్లయింది. చూపు బాగా పోయినవారి సంఖ్య 100కి 47 నుంచి 20కి తగ్గింది. ఇప్పటి యంత్రాలు మెరుగైనవి గనుక కొందరు డాక్టర్లు ఇంకా ముందుగానే విట్రెక్టమీ చేస్తున్నారు.

మా ఆసుపత్రిలో విట్రెక్టమీ సదుపాయం లేదు. అందుచేత మొదటి ఇంజక్షన్ ఇక్కడే ఇచ్చి, ఉత్తరం రాసి, ముందుగా ఫోను చేసి రెటీనా డాక్టర్లున్న చోటికి పంపుతాము. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు విశాఖపట్నంలోనూ, విజయవాడలోనూ కూడా ఆసుపత్రులున్నాయి. పంపుతున్నామంటే చేతులెత్తేశామని కాదు. ఇక్కడ చేయగలిగింది చేసి, మిగిలినది చేయగలవారికి అప్పగిస్తున్నామని గ్రహించండి.

చూపు ఎంతవరకు వస్తుంది?

అందరూ మొదట అడిగేది ఇదే. ఇంజక్షన్ ఇచ్చిన మర్నాడే చూపు రాదు. మొదట నొప్పి తగ్గుతుంది, తర్వాత చీము కరుగుతుంది, తర్వాత వారాలమీద, నెలలమీద మసక తగ్గుతుంది. పైన చెప్పిన 420 మందికి ఆఖరు చూపు తొమ్మిది నెలలనుంచి ఏడాది తర్వాత చూశారు. 100కి 53 మంది 6/12 గాని అంతకన్నా మంచి చూపు గాని పొందారు. 6/12 అంటే మంచి చూపున్న మనిషి 12 మీటర్ల దూరంనుంచి చదివేది వీరు 6 మీటర్ల దూరంనుంచి చదవగలరు. అంటే తమ పనులు తాము చేసుకోగలరు. 100కి 74 మందికి 6/30 గాని అంతకన్నా మెరుగు గాని వచ్చింది. మిగిలినవారికి అంతకన్నా తక్కువ. వచ్చిన రోజు చూపు ఏ మెట్టుమీద ఉందో అదే ఆఖరి చూపుకు పెద్ద గుర్తు. దెబ్బ తగిలి వచ్చిన ఇన్ఫెక్షన్‌లో ఫలితాలు సాధారణంగా ఇంతకన్నా తక్కువగా ఉంటాయి.

చీము తగ్గిన తర్వాత కూడా రెటీనా ఊడిపోవడం, దానిమీద ముడతల పొర ఏర్పడటం, కన్ను కుంచించుకుపోవడం జరగవచ్చు. అందుకే "బాగుంది కదా" అని చూపించుకోవడం మానకూడదు. బాగా ముదిరి, చూపు పూర్తిగా పోయి, నొప్పి భరించలేని స్థితి వస్తే కంటి లోపలి భాగం తీసివేయవలసి రావచ్చు. ఆ మాట చెప్పే రోజు మాకూ భారంగానే ఉంటుంది.

రాకుండా ఏమి చేస్తున్నారు?

శుక్లం ఆపరేషన్ అంటే భయపడి మానుకోవద్దు. ఈ జబ్బు అరుదు. వెయ్యి ఆపరేషన్లలో సుమారు ఒకటి, లేదా అంతకన్నా తక్కువ. ఆపరేషన్‌కు ముందు కంటిలో 5 శాతం పోవిడోన్ అయోడిన్ వేసి శుభ్రం చేస్తారు. కొంచెం మండుతుంది, ఓర్చుకోండి. ఆపరేషన్ చివర కంటిలో యాంటీబయాటిక్ వేయడం వల్ల ఎంత మేలో మన దేశంలోని అరవింద్ కంటి ఆసుపత్రుల డాక్టర్లు 2017లో చూపించారు. ఆరు లక్షల ఆపరేషన్లను లెక్కించగా, మందు వేయనివారిలో పదివేలకు 7 మందికి ఇన్ఫెక్షన్ వస్తే, వేసినవారిలో 2 మందికే వచ్చింది. షుగరు ఎక్కువగా ఉన్నా, కంటినుంచి పుసి కారుతున్నా, కన్నీటి సంచిలో చీమున్నా మేము ఆపరేషన్ వాయిదా వేస్తాము. అందుకు కోపం తెచ్చుకోకండి.

ఇంటివారు చేయవలసినవి

• చుక్కలు వేసే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవలెను. సీసా మూతి కంటికి గాని రెప్పలకు గాని తగలకూడదు.
• ఆపరేషన్ అయిన కన్ను నలపకూడదు. చెప్పినన్ని రోజులు కంటిలో నీళ్ళు పడనీయకూడదు. ముఖం తడిగుడ్డతో తుడుచుకోండి.
• చనుబాలు, ఆముదం, నందివర్ధనం పూలరసం, ఉల్లిరసం, తేనె ఏవీ కంటిలో వేయవద్దు. ప్రేమతో వేసినా వాటితోపాటు సూక్ష్మజీవులూ పోతాయి.
• మందుల షాపులో అడిగి చుక్కలు తెచ్చి వేయవద్దు. కొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ఎరుపు తగ్గినట్టు కనబడుతుంది గాని ఫంగస్ ఉంటే లోపల పెరుగుతుంది.
• గుచ్చుకున్నది కంటిలోనే ఉంటే లాగవద్దు, కడగవద్దు, నొక్కి కట్టు కట్టవద్దు. పైన కాగితపు కప్పు లాంటిది అడ్డుపెట్టి తీసుకురండి.
• వచ్చేటప్పుడు డిశ్చార్జి చీటీ, వాడుతున్న చుక్కల మందులు, షుగరు పుస్తకం తెచ్చుకోండి. మత్తు ఇవ్వవలసి రావచ్చు గనుక ఎప్పుడు భోజనం చేశారో చెప్పండి.

తరచుగా అడిగే రెండు ప్రశ్నలు

"ఇది ఇంట్లో వాళ్ళకు అంటుతుందా?" అంటదు. పక్కన పడుకోవచ్చు, కలిసి తినవచ్చు. కాని రక్తం ద్వారా వచ్చినదైతే అదే మనిషికి రెండో కంటికి కూడా రావచ్చు. అందుచేత రెండు కళ్ళూ చూపించుకోవాలి.

"ఇంకో కంటికి కూడా శుక్లం ఉంది. ఆపరేషన్ చేయించుకోవచ్చా?" చేయించుకోవచ్చు. మొదటి కన్ను పూర్తిగా నెమ్మదించిన తర్వాత, డాక్టరుగారు చెప్పినప్పుడు. పైన చెప్పిన మామ్మగారు కూడా ఏడాది తర్వాత రెండో కంటికి మా దగ్గరే చేయించుకున్నారు. మళ్ళీ మమ్మల్ని నమ్మి వచ్చినందుకు ఆ రోజు ఆమె చెయ్యి పట్టుకుని థియేటరులోకి నడిపించుకు వెళ్ళింది ఆ శనివారం రాత్రి ఫోను ఎత్తిన సిస్టరే. ఆ కన్ను ఇప్పుడు బాగుంది.

మీ ఇంట్లోగాని, వీధిలోగాని, సంఘంలోగాని ఈ మధ్య కంటి ఆపరేషన్ అయినవారుంటే ఈ వ్యాసం చదివి వినిపించండి. ఒక కన్ను మూసి క్యాలెండరు చూపించండి. రాత్రి పూట డాక్టరుగారిని ఇబ్బంది పెట్టడం ఎందుకని మొహమాటపడకండి. మీరు వచ్చి, ఏమీ లేదని తేలి తిరిగి వెళితే మాకు సంతోషమే. ఆలస్యంగా వస్తేనే మాకు బాధ.

నర్సింగ్ సూపరింటెండెంట్ మరియు కంటి వార్డు సిబ్బంది